బుడగ లేవని లంక

వానాకాలం వాగు రెండు పాయలై పొంగితే మరైగూడ పక్కనున్న మా పల్లె లంక అయిపోతుంది. కరెంటు పోయిందంటే నీళ్లు తగ్గేదాకా రాదు. నేను పనిచేసే కిరండూల్ ఇనుప గని ఆవరణలో పట్టపగలే లైట్లు వెలుగుతుంటే నాకు ఒళ్లు మండేది. మా మేనత్త భద్రమ్మ మాత్రం తిడుతూ కూర్చోలేదు. ఇల్లిల్లూ తిరిగి పేడ పోగేయించి, గోబర్ గ్యాసుతో జనరేటరు నడిపి పల్లెకు వెలుగు తెచ్చింది.

సెలవుకు వెళ్లినప్పుడు రేడియోలో విన్నది ఆమెకు చెప్పాను. సముద్రం మధ్య చిన్న చిన్న దేశాలున్నాయట. అక్కడ కరెంటు తయారుచేసేచోట మన గోబర్ గ్యాసులాంటిదే కారి గాలిలో కలిసి భూమిని వేడెక్కిస్తోందట. ఏ దీవి ఎంత వదులుతోందో పోల్చి చూస్తున్నారట.

"వాళ్లది ఎక్కువ కారుతదా, మనదా?" అంది అత్త.

"నాకేం తెలుసత్తా?"

"తెల్వకుంటే చూద్దాం పా."

సబ్బు నురుగు తెచ్చి గొట్టం అతుకులన్నిటికీ పూసింది. గ్యాసు కారుతున్న ఒకచోట బుడగ లేచింది. ఎవరో తనను తిట్టినట్టు దానివైపు చూసి, పాత సైకిల్ ట్యూబు చుట్టి బిగించింది. మళ్లీ నురుగు పూసింది. ఈసారి బుడగ లేవలేదు.

"అల్లుడా, ఆ దీవులోళ్లకు చెప్పు. మా లంక గెలిచింది. వాళ్లను గూడ సబ్బు పెట్టి చూసుకోమను."