ఆ ఇంటర్వెల్ నాది కాదు

సినిమా పంపిణీ ఆఫీసులో పనిచేసిన రోజుల గురించి ఎవరడిగినా, తాడేపల్లిగూడెంలో ఒక అంతరిక్ష సినిమాను మూడు వారాలు ఆడించిన సంగతి తప్పకుండా చెప్పేవాణ్ణి. చెప్పిన ప్రతిసారీ ఒక మనిషి పేరు వదిలేసేవాణ్ణి. ఆయన జీవరత్నం గారు. ఆ సినిమా ఆడిన హాలు మేనేజరు.

2005 వేసవిలో మా విజయవాడ ఆఫీసు నన్ను తాడేపల్లిగూడెం పంపింది. అప్పటికి నేను రిప్రజెంటేటివ్‌ని. రీళ్ళ పెట్టెను మా వ్యాపారంలో బాక్సు అంటారు. దాన్ని హాలుకు చేర్చడం, ప్రతి ఆటకూ తెగిన టిక్కెట్లు సరిచూడడం, కలెక్షను ఆఫీసుకు ఫోనులో చెప్పడం రిప్రజెంటేటివ్ పని. బాక్సు తిరిగి వెళ్ళేదాకా ప్రింటుకు జవాబుదారీ అతనే. ఎక్కడైనా కోసినట్టు కనిపిస్తే అది అతని ఖాతాలోకే వెళ్తుంది.

ఆ సినిమా ఇంగ్లీషు నుంచి తెలుగులోకి డబ్ చేసినది, ఒకే కథను సాగదీస్తూ వచ్చిన సినిమాల వరుసలోది. ఆ వరుసలో మొదటిది నేను నిక్కర్లు వేసుకునే రోజుల్లో వచ్చింది. తర్వాత రెండు వచ్చాయి, మధ్యలో చాలా ఏళ్ళు ఏమీ లేదు, మళ్ళీ మొదలయ్యాయి. విచిత్రం ఏమిటంటే కొడుకు కథ ముందు తీసి, తండ్రి కథ తర్వాత తీశారు. మంచివాడైన తండ్రి ఎలా చెడిపోయాడన్నది ఈ కొత్త సినిమా.

ఇంగ్లీషు సినిమాలకు ఇంటర్వెల్ ఉండదు. మనకు అది లేకపోతే కుదరదు. కాంటీన్ నడవాలి, ఆపరేటరు కాస్త నడుం వాల్చాలి. అందుకని డబ్బింగ్ సినిమాకు విశ్రాంతి ఎక్కడ వేయాలో బాక్సుతో వచ్చినవాడే ముందుగా చూసి చెప్పాలి. సగం దాటాక, రసపట్టులో, ఒక రీలు అయిపోయే చోట వేయాలని మాకు నేర్పారు. రీలు చివర అయితే ప్రింటు కోయనక్కర్లేదు. నేను రెండు అంతరిక్ష ఓడలు ఢీకొనబోయే క్షణంలో వేయించాను. ఈలలు బాగానే పడ్డాయి. కానీ విశ్రాంతి అయ్యాక ఆ యుద్ధం రెండు నిమిషాల్లో తేలిపోయేది. టీ గ్లాసుతో బయటే ఉన్నవాళ్ళకు అదీ దక్కేది కాదు. ఆ తర్వాత వచ్చే నిదానమైన కథలో జనం కుదురుకునేవారు కాదు. కొంతమంది మధ్యలోనే సైకిల్ స్టాండు వైపు నడిచేవారు. వారం తిరగకుండానే బాల్కనీ ఖాళీ అయింది.

హాలు యజమానిది గణపవరం. చేపల చెరువులున్న మనిషి. ఈ వేసవి కూడా హాలు తేరుకోకపోతే కుర్చీలు తీయించి చేపల మేత నిల్వ చేసుకుంటానని అప్పటికే చెప్పేశారు. జీవరత్నం గారికి ఆ హాలు తప్ప వేరే ఉద్యోగం తెలియదు.

ఒకరోజు మ్యాట్నీ అయ్యాక ఆయన నా దగ్గరకు వచ్చి, ఇంటర్వెల్ మారుద్దామా అని అడిగారు. ఆ వరుసలో అన్ని సినిమాలూ చూసిన మనిషి. ఏలూరులో కాలేజీలో చదువుకునేటప్పుడు మొదటిది చూశారట. ఆయన చూపించిన చోటు నాకు నచ్చలేదు. ఇంకా యువకుడిగా ఉన్న ఆ తండ్రి మొదటి పాపం చేసి, ఒంటరిగా కూర్చుని ఉంటాడు. మాట లేదు, సంగీతం కూడా దాదాపు లేదు. పైగా అది రీలు మధ్యలో పడుతుంది.

ఇంత చప్పగా ఉన్నచోట ఆపితే మళ్ళీ లోపలికి ఎవరు వస్తారన్నాను.

ఆయన మెల్లగా చెప్పారు. "ఏవండీ, మా చర్చిలో గుడ్ ఫ్రైడేకి సిలువ కథ వింటూ మూడు గంటలు కూర్చుంటారండీ. ఆఖరికి ఏమవుతుందో తెలియనివాడు ఒక్కడూ ఉండడు. అయినా ఎవరూ లేవరు. ఈ సినిమా కూడా అంతేనండీ. వీడు చెడిపోతాడని వచ్చేవాళ్ళందరికీ తెలుసు. ఎలా చెడిపోయాడో చూడ్డానికి వస్తున్నారు. అది చూపించి ఆపండి. బయటికెళ్ళి వాళ్ళే మాట్లాడుకుంటారు."

ప్రింటు కోయడానికి నాకు అధికారం లేదు. ఎలాగూ పోయే సినిమా కదా అన్న ధైర్యంతోనే ఒప్పుకున్నాను. ఆపరేటరు రీలు కోసి, ఆ రెండు ముక్కల్నీ విశ్రాంతికి అటూ ఇటూ సర్దాడు.

మర్నాడు విశ్రాంతికి తలుపులు తీస్తే జనం చప్పుడు లేకుండా బయటికి వచ్చారు. నా పని అయిపోయిందనుకున్నాను. కాంటీన్ దగ్గరకు చేరాక మాటలు మొదలయ్యాయి. వాడు చేసింది తప్పని ఒకడు, పెళ్ళాం కోసం చేశాడని ఇంకొకడు. గణపవరం వైపు నుంచి వచ్చిన ఇద్దరు బావాబామ్మర్దులు, చేపల లోడు ఎక్కించి ఐసు నీళ్ళ తడి ఆరకుండానే మార్నింగ్ షోకి వచ్చినవాళ్ళు, నా పక్కనే నిలబడి వాదించుకుంటున్నారు.

"కొడుకు కథ ముందు చూపించి, నాన్న కథ ఇప్పుడు తీయడమేంటి బావా, బుద్ధుందా వాళ్ళకి?"

"ఏం, మీ నాన్న పెళ్ళి ఫోటోలు నువ్వు పుట్టాక చూడలేదేంట్రా? ముందే చూశావా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. బెల్లు కొట్టకముందే అందరూ లోపల ఉన్నారు. ఆ ఆటలో ఒక్కరు కూడా మధ్యలో లేచి వెళ్ళలేదు.

ఆ వారం నుంచి రెండోసారి, మూడోసారి వచ్చేవాళ్ళను గుర్తుపట్టడం మొదలుపెట్టాను. పాత సినిమాలు వీడియోలో చూసిన తండ్రులు పిల్లల్ని తెచ్చి, తెర మీద ఎవరెవరో చెవిలో చెప్పేవారు. పక్కవాళ్ళు విసుక్కునేవారు కాదు, తప్పు చెబితే సరిదిద్దేవారు. అంత పెద్ద ఓడలూ గ్రహాలూ పెట్టి తీసినా, వాటి కోసం ఒకసారి వస్తారేమో. మళ్ళీ మళ్ళీ వచ్చేది ఒక ఇంట్లో తండ్రీ కొడుకుల మధ్య ఏం జరిగిందో తెలుసుకోవడానికే. మనకు సంబంధంలేని దేశంలో తీసిన కథను కొల్లేటి గట్టు మనుషులు తమ ఇంటి గొడవలాగా వాదించుకోవడం నేను కళ్ళారా చూశాను. అంత పనితనం ఉన్న సినిమాలు నా ఉద్యోగంలో చాలా తక్కువ తగిలాయి. జీవరత్నం గారికి అది ముందే తెలుసు. నాకు ఆయన చెప్పాక తెలిసింది.

మూడో వారంలో మా ఆఫీసు మేనేజరు స్వయంగా వచ్చారు. హాలు యజమాని కూడా వచ్చారు. ఆఫీసు గదిలో కూర్చున్నాం. ఏలూరు ప్రింటుకు కూడా ఇదే చోట విశ్రాంతి వేయిస్తున్నామని, ప్రింటు కోసినందుకు కోపం లేదని, మంచి బుర్ర పెట్టానని మా మేనేజరు నన్ను మెచ్చుకున్నారు. అప్పుడు యజమాని నన్ను నేరుగా అడిగారు. "ఇది మా జీవరత్నం ఆలోచనేనని హాల్లో కుర్రాళ్ళు అంటున్నారండీ. నిజమేనా?"

జీవరత్నం గారు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు.

"లేదండీ, నేనే చెప్పాను," అన్నాను.

ఆయన నా వైపు ఒకసారి చూసి, టీ చెప్పడానికి బయటికి వెళ్ళారు.

సినిమా ఆడినందువల్ల హాలు నిలబడింది. మేత గోడౌను కాలేదు. కానీ హాలుకు పేరు వచ్చేసరికి లీజుకు అడిగేవాళ్ళు వచ్చారు. వాళ్ళు సొంత మనిషిని మేనేజరుగా పెట్టుకుంటామన్నారు. పాత మేనేజరు వల్ల ఒరిగిందేమీ లేదని నా మాటతోనే తేలిపోయింది కనుక యజమాని అడ్డు చెప్పలేదు. జీవరత్నం గారు పెదవేగి వెళ్ళి, పామాయిల్ గెలల ట్రాక్టర్లు తూచే కాటా దగ్గర పనికి కుదిరారు. ఆ ఏడే నన్ను బుకింగ్ మేనేజర్ని చేశారు. రీళ్ళు పోయి డిజిటల్ వచ్చి, మా ఆఫీసు మూసేసేదాకా ఆ కుర్చీలోనే ఉన్నాను.

చాలా ఏళ్ళకు ఆ వరుసలో మళ్ళీ కొత్త సినిమా వచ్చింది. ఏలూరులో చూశాను. విశ్రాంతి వేసినప్పుడు జీవరత్నం గారే గుర్తొచ్చారు. మర్నాడు పెదవేగి వెళ్ళి, ట్రాక్టర్ల వరుస తగ్గేదాకా ఆగి, ఆయనకు చెప్పుకున్నాను. ఆయన కోప్పడలేదు. కొత్త సినిమా తానూ చూశానన్నారు. తర్వాత అన్నారు, "నాకు చెప్పడం దేనికండీ? నాకు తెలిసిందే కదా. తెలియనివాళ్ళకి చెప్పండి."

మా పనిలో టిక్కెట్టు ముక్కకైనా లెక్క ఉండేది. ఆలోచన ఎవరిదో రాసే చోటు మాత్రం ఏ కాగితంలోనూ ఉండేది కాదు. అది నోటితో చెప్పాల్సిందే. చెప్పాల్సినవాడు చెప్పకపోతే ఇంకొకరి ఉద్యోగం పోతుంది. నేను నేర్చుకున్నది అంతే.

నేను అక్కడి నుంచి గణపవరం వెళ్ళాను. యజమాని పెద్దవారైపోయారు. చెరువు గట్టు మీద కుర్చీ వేసుకుని, మేత చల్లించుకుంటున్నారు. పనివాళ్ళు వింటుండగానే చెప్పాను. "అయ్యా, ఆ రోజు మీరు అడిగితే నేను అబద్ధం చెప్పానండీ. ఆ ఇంటర్వెల్ జీవరత్నం గారిది. మీ హాలును నిలబెట్టింది ఆయన. ఆయన ఉద్యోగం పోవడానికి కారణం నేను. నన్ను క్షమించండి."