ఖాదర్ అనని మాట

మీరు నన్నెరగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ముప్పై ఏళ్లకు పైగా ఒక అబద్ధం నా గొంతులో ముల్లులా ఉండిపోయింది. మింగలేను, కక్కలేను.

అరవైల్లో, అనకాపల్లిలో, ఖాదర్ అని నాకొక స్నేహితుడు ఉండేవాడు. రేకు పని చేసేవాడు. బకెట్లకు అడుగులు వేసేవాడు, లాంతర్లు బాగుచేసేవాడు. నేను మైకు సెట్లు అద్దెకిచ్చే షాపులో పనివాణ్ణి. కాలు నేల మోపకుండా రోజుల తరబడి సైకిలు తొక్కే ప్రదర్శనలు అప్పుడు ఊరూరా జరిగేవి. ఒక వేసవిలో ఖాదర్ తనూ ఆరు రోజులు తొక్కుతానన్నాడు. వాళ్లన్న పోయినప్పటి నుంచి ఎవరితోనూ సరిగా మాట్లాడని మనిషి, ఏదో ఒకటి చేస్తానన్నాడు కదా అని సంతోషించాను. బెల్లం మార్కెట్ వెనక ఖాళీ స్థలంలో ఏర్పాట్లన్నీ నేనే చేశాను. మైకు కూడా నేనే పట్టుకున్నాను.

సైకిలు మీదే తిన్నాడు, గెడ్డం గీసుకున్నాడు. తిరుగుతూనే బిందెలతో నీళ్లు పోయించుకున్నాడు. కశింకోట నుంచి బళ్లు కట్టుకుని వచ్చారు జనం. వాళ్లు అతన్ని చూస్తూ నా గొంతు వింటుంటే నాకెంత గర్వంగా ఉండేదో! తొక్కేది అతనైతే, గర్వం నాకెందుకు?

నాలుగో రోజు మధ్యాహ్నం ఖాదర్ చెయ్యి ఊపి పిలిచాడు. సైకిలు పక్కనే నడిచాను.

"బావా, నా బుర్ర బాగోలేదు. ఇయాళ కాదు, అన్న పోయిన కాడ్నించీ బాగోలేదు. ఇది తొక్కితే పోతాదనుకున్నాను. పోలేదు. నన్ను దించెయ్యి."

"మగాడివి, ఏటా మాటలు? మొహం కడుక్కో, అదే పోతాది."

"దిగిపోతాను బావా," అన్నాడు మళ్లీ. మెల్లగా, బతిమాలుతున్నట్టు.

నేను వెనక్కి తిరిగాను. మైకు దగ్గరకు వెళ్లాను. ఖాదర్ ఇప్పుడే నాతో చెప్పాడు, ఆరు కాదు, ఏడు రోజులు తొక్కుతాడట, అన్నాను. జనం ఈలలు వేశారు. ఎందుకన్నాను? అతను దిగితే నా పరువు పోతుందనా? ధైర్యం చెప్పాననుకున్నానా? ఎన్నో ఏళ్లు ఈ రెండోదే నిజమని నన్ను నేను నమ్మించుకున్నాను, కానీ ధైర్యం చెప్పేవాడు మనిషి మొహంలోకి చూసి చెబుతాడు, మైకులో కాదు. ఖాదర్ ఒక్కసారి నావైపు చూసి తల దించుకున్నాడు. ఏడు రోజులూ తొక్కాడు.

దిగినప్పుడు నిలబడలేకపోతే నలుగురు ఎత్తుకున్నారు. దండలు వేశారు. నెల తిరగకుండానే పని మానేసి గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు. ఒక ఉదయం కొండకర్ల ఆవలో మెడలోతు నీళ్లలో నిలబడి ఉంటే, చేపలు పట్టేవాళ్లు దోనెలోకి లాగి ఇంటికి చేర్చారు. తర్వాత విశాఖలో ఆసుపత్రిలో చాలాకాలం ఉన్నాడు.

అతని భార్య జైతూన్ నన్ను అడిగింది. ఆరు రోజులని తనకు చెప్పి వెళ్లిన మనిషి ఏడెందుకన్నాడని. అతనే పట్టుబట్టాడు, ఆపలేకపోయానన్నాను.

ఖాదర్ తిరిగొచ్చాడు. చేతులు నెమ్మదించాయి గాని పని చేశాడు. నేను వెళితే పీట జరిపేవాడు. ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు, భార్యతో కూడా చెప్పలేదు. ఒక్కసారి తిట్టినా బాగుండేది. క్షమించాడా, మరిచిపోయాడా, నాతో చెప్పి లాభం లేదనుకున్నాడా? అడిగే ధైర్యం నాకు రాలేదు. రెండేళ్ల క్రితం పోయాడు. పలకరించడానికి వెళితే, ఆయన మొండితనమే ఆయన్ని తినేసిందని జైతూన్ అంది. నేను తల ఊపాను. తల ఊపాను, చూడండి.

ఆమె దగ్గరకు వెళ్లి చెబుతానని మీకు మాటివ్వలేను. వెళ్లగలనో లేదో నాకే తెలియదు. కానీ ఖాదర్ మొండివాడు కాదు. దించెయ్యమని నన్ను అడిగాడు, నేను దించలేదు. ఈ ముక్క ఒక్క మనిషికైనా తెలియాలి. ఇప్పుడు మీకు తెలుసు.