నడవని తొవ్వకు ఆమె పేరు

మా వదిన పోయారన్న వార్త జనగామ స్టేషన్‌లో, కదలని రైలులో కూర్చొని ఉండగా నాకు చేరింది. పట్టాల మీద జనం బైఠాయించారు. రాష్ట్రం ఇచ్చేదాకా లేచేది లేదని డప్పు కొట్టి చాటుతున్నారు. వదిన పరిస్థితి బాగాలేదు, వెంటనే రమ్మని మానుకోట నుంచి మా అన్న ఫోను చేస్తే ఎక్కిన బండి అది. ఎప్పుడు వదులుతారని కిటికీ పక్కన నిలబడ్డ ఒక ఉద్యమకారుణ్ణి అడిగాను. "జర ఓపిక వట్టుండ్రి పెద్దసారూ, మీ కోసమే గద కూసున్నం," అన్నాడు. అతని మాటలో అబద్ధం లేదు. ఒంట్లో సత్తువ ఉంటే ఆ పట్టాల మీద మా వదినే అందరికన్నా ముందు కూర్చునేవారు. అంతలో ఫోను మళ్ళీ మోగింది. అన్న ఏడ్పు మాత్రమే వినిపించింది. ఆ తరువాత కూడా బండి చాలాసేపు కదలలేదు.

ఆమె మానుకోట బడిలో సోషల్ చెప్పి విరమించిన ఉపాధ్యాయిని. ఊరందరికీ టీచరమ్మ. నేను తెలుగు పండితుడిగా కావ్యాలతో, కొంత తర్కశాస్త్రంతో జీవితం గడిపినవాణ్ణి. కావ్యాల మీద ఆమెకు గౌరవం ఉండేది గాని నమ్మకం ఉండేది కాదు. "మీ కవులు సూడని పట్నాన్ని పద్యాల మీద పద్యాలు పెట్టి వర్ణిస్తరు. నేను సూసిన ఊరును ఒక్క గీతల పెట్టాలె. ఎవరి పని కష్టం మరిదీ?" అని నవ్వేవారు.

విరమణ తరువాత, అంతర్జాలంలో లోకులందరూ కలిసి గీసే పటం ఒకటి ఆమె కంటబడింది. అందులో ఎవరైనా తమకు తెలిసిన బాటను చేర్చవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. రేగొండ పొలాల గట్లు, చిల్పూరు గుట్ట చుట్టూ తిరిగే కాలిబాట, కొత్తగూడ అడవిలో ఇప్పపువ్వు ఏరేవారి దారులు, అన్నీ తానే నడిచి తానే గీశారు. ఇంటికి వచ్చి చీర అంచుకు అంటుకొన్న ఉత్తరేణి గింజలను ఒక్కటొక్కటిగా ఏరి పళ్ళెంలో వేసిన తరువాతనే కంప్యూటరు ముందు కూర్చునేవారు. "అంచుకు ఉత్తరేణి అంటకుంట పటంల గీత వడొద్దు," అనేవారు. అది ఆమెకు మడి వంటిది.

అదే కొత్తగూడ అడవిలో ఒక తండా నుంచి గుట్ట మీది జలధార దాకా, అక్కడి నుంచి అవతలి రోడ్డు దాకా నడకదారి వేయించాలని ఆమె చిరకాలపు కోరిక. వాగు మీద చిన్న వంతెన, జారుడు బండల దగ్గర మెట్లు ఉంటే చాలు. కొండలెక్కడానికి వచ్చేవారితో తండాకు బతుకుదెరువు దొరుకుతుంది, తండావారికి రోడ్డు దగ్గరవుతుంది. దాని కోసం ఆమె ఆఫీసుల గడపలు అరగదీశారు. చివరకు ఒకనాడు మంజూరైందన్న మాట వచ్చింది.

మానుకోటలో గుట్టలెక్కే యువకుల బృందానికి బట్టల సేటు కొడుకు పెద్ద. ఆమె శిష్యుడే. ఆ మాట విన్న సాయంత్రమే అతను లోకుల పటంలో ఆ దారిని చుక్కల గీతగా గీసి, దానికి 'టీచరమ్మ తొవ్వ' అని పేరు పెట్టి, మిఠాయి డబ్బాతో వచ్చాడు. అన్న ఇంటికి వచ్చి ఉన్న నేనూ అక్కడే ఉన్నాను. ఆమె డబ్బా మూత తీయలేదు.

"తుడిపెయ్ బిడ్డా," అన్నారు.

"గదేంది టీచరమ్మా! ప్రతిపాదన అని పక్కపొంటి రాసిన గద."

"రాసింది ఎవలు సదువుతరు? గీతను వట్టుకొని పోతరు. వాగు మీద వంతెన ఏది? బండకు మెట్టేది?"

అతనికి రోషం వచ్చింది. "మరి రాష్ట్రం గూడ రాలే. దీక్ష టెంటు ముంగట గంత పెద్ద పటం గట్టినం. రేపు గదిగూడ తుడిపెయ్యమంటరేమో!"

"అది గావాలని అడిగే పటం. గిది ఉన్నదని చెప్పే పటం. అడిగేటప్పుడు గొంతు చించుకొని అడుగు, నేనూ వస్త. చెప్పేటప్పుడు మాత్రం ఉన్నదే చెప్పు."

నేను అతని పక్షాన వాదించాను. కుందేటి కొమ్ము లేకపోవడం వేరు, పుట్టబోయే కుండ ఇంకా లేకపోవడం వేరు అన్నాను. ఆ రెండోదాన్ని తార్కికులు ప్రాగభావమంటారు. ఆ లేమి తీరిపోయే లేమి. కనుక మంజూరైన దారిని బొత్తిగా లేనిదాని కింద జమకట్టరాదని విన్నవించాను.

"మంచిదే మరిదీ. ఆ పుట్టని కుండల నీళ్ళు దెచ్చి ఈ పిలగానికి తాపు," అన్నారు. సేటు కొడుకు ఫక్కున నవ్వాడు. గీత మాత్రం తుడవలేదు. శిష్యుడు తానే తుడుస్తాడని ఆమె కూడా ఆగారు.

అతను వెళ్ళిన తరువాత ఆమె నాతో ఒక సంగతి చెప్పారు. రాష్ట్రం ఇస్తున్నామన్న ప్రకటన వచ్చిన మరునాడు ఆమె నిచ్చెన వేసుకొని, పాత బడి గోడ మీది దేశపటంలో కొత్త రాష్ట్రానికి రంగు వేశారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. కొద్దిరోజులకే ప్రకటన వెనక్కి పోయింది. "బడి ముంగట నుంచి పోతుంటె ఒక పిల్ల ఆపి అడిగింది. టీచర్, గోడ మీద ఉన్నది గద, మల్ల ధర్నా ఎందుకని. ఏం జెప్పాలె మరిదీ?" ఆ రంగును ఆమె తుడవలేదు, తుడవడానికి చేయి రాలేదు. ఆ బాధ ఎంత లోతుగా దిగిందో నాకు అప్పుడు పూర్తిగా అర్థం కాలేదు.

రాష్ట్రం కోసం సమ్మె వచ్చింది. బస్సులు ఆగిపోయాయి. ఒక ఉదయం మేము చాయ తాగుతుండగా తండా యువకుడొకడు వాకిట్లో నిలబడ్డాడు. కాళ్ళ నిండా ముళ్ళ గీరలు. చేతిలో నెట్ సెంటర్‌లో అచ్చు తీయించిన కాగితం.

"టీచరమ్మవు నువ్వేనా అవ్వా?"

"నేనే. కూసో నాయినా."

అతను కూర్చోలేదు. "భూపాలపల్లిల ఇండ్లు గట్టే పనికి వోయిన. మా యాడికి, మా అమ్మకు, పాణం బాగలేదంటె బయలెల్లిన. లారీ వట్టుకొని అడవి అవతల రోడ్డు మీద దిగిన. గీ కాయితంల తొవ్వ ఉన్నది, నేను లేనప్పుడు కొత్తగ వడ్డదనుకున్న. గుట్ట దాటితె మా తండనే అన్నరు." కాగితాన్ని అరుగు మీద పరిచాడు. "వాగు నిండ నీళ్ళు. తొవ్వ లేదు. పొదల్ల వడి తిరిగిన, పొద్దుగూకింది. తెల్లారి ఇల్లు జేరెటాల్లకు మా యాడిని కాడికి ఎత్తుకపోయిండ్రు. మొఖం సూడలే." అతని గొంతు ఎక్కడా పెరగలేదు. "పేరు నీదే ఉన్నది అవ్వా. జర చెప్పు. గీ తొవ్వ ఏడున్నది?"

మా వదిన ఆ కాగితం వైపు చూసి, అతని కాళ్ళ వైపు చూశారు. లేచి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి, వద్దు వద్దంటున్నా వినక, ఆ కాళ్ళ మీద తానే పోశారు. నెత్తుటి చారల నడుమ, పంట్లాము అంచుకు ఉత్తరేణి గింజలు దట్టంగా అంటుకొని ఉన్నాయి.

తర్కశాస్త్రంలో ఆప్తవాక్యమన్నది ఒక ప్రమాణం. నమ్మదగినవాడు చెప్పిన మాటను, మన కంటితో చూడకపోయినా నిజమని స్వీకరిస్తాము. పటం ఆప్తవాక్యమని, దాన్ని నమ్మినవాడు తన కాళ్ళనే పందెంగా ఒడ్డుతాడని, ఇన్ని గ్రంథాలు చదివిన నాకు ఆ అరుగు మీద బోధపడింది.

ఆనాటి నుంచి ఆమెకు వేరే పని లేకపోయింది. ఆమె ఆ గీతను చెరిపేవారు. ఎవరో మళ్ళీ గీసేవారు. ఒకసారి సేటు కొడుకు, ఒకసారి ఏ దేశపువాడో తెలియని మనిషి. దారి రాబోతున్నది గదా అని ఒకరు, ప్రతిపాదన అని తెలిసేటట్టు రంగు మార్చాము గదా అని ఒకరు వాదించేవారు. అందరికీ ఓపికగా జవాబు రాసేవారు. అచ్చు తీసిన కాగితంలో రంగు ఉండదని, వాగు దగ్గర వాదన పనికిరాదని చెప్పేవారు. ఈలోగా జబ్బు ముదిరింది. దవాఖానలో నేను పక్కన ఉన్న రోజుల్లో కళ్ళు తెరిచినప్పుడల్లా "సూసినవా మరిదీ, ఉన్నదా పోయిందా?" అని అడిగేవారు. పోయిందని అబద్ధమాడదామని ఎన్నిసార్లో నోటి దాకా వచ్చింది. ఆమె ముందు లేనిదాన్ని ఉన్నదనడానికి ఎట్లా నోరు రాదో, ఉన్నదాన్ని లేదనడానికీ అట్లాగే రాలేదు. "ఉన్నది వదినా," అనేవాణ్ణి. ఆమె గోడ వైపు తిరిగి పడుకొనేవారు.

ఆమె పోయిన తరువాత సేటు కొడుకు ఆ గీతను ఇంకా ముదురు రంగులో గీశాడు. ఆమె యాదికట. ఇకనైనా తీసివేయమని చేతులు పట్టుకొని వేడుకొన్నాను. అతను పసివాడిలా ఏడ్చాడు. "ఆమె పేరును నా చేతుల తోని ఎట్ల తుడిపేది సారూ? నాతోని గాదు." ఆ దుఃఖాన్ని ఏమని కోప్పడను? నాకు ఆ విద్య రాదు, కంటిచూపు కూడా అంతంతే. ఇది రాస్తున్న నాటికి రాష్ట్రం రాలేదు, తొవ్వ పడలేదు, వానాకాలం మాత్రం వస్తున్నది. చదువరులలో ఆ పని తెలిసినవారెవరైనా ఉంటే, ఆమె పేరును పటం నుంచి తీసివేయవలసిందిగా చేతులు జోడించి అడుగుతున్నాను. ఆమెకు నేను చేయగల తర్పణం ఇంతకు మించి లేదు.

పెద్దకర్మ నాడు తండా యువకుడు వచ్చాడు. రోడ్డు వెంట చుట్టు తిరిగి వచ్చినట్టున్నాడు, మోకాళ్ళ దాకా దుమ్ము. విస్తరి ముందు కూర్చోక, నా దగ్గరకు వచ్చి మెల్లగా అడిగాడు. "బాపూ, ఇంక ఉన్నదా అది?"

మనవడి ఫోను తీసుకొని చూపించాను. పచ్చని అడవి మీద చుక్కలు చుక్కలుగా, వాగును సునాయాసంగా దాటుకొంటూ ఆ గీత పోతున్నది. అతను తన బొటనవేలును దాని మీద మెల్లగా ఆనించాడు. సిమెంటుకు కాయలు కాసిన ఆ వేలి కింద తొవ్వ, పేరు, వాగు అన్నీ కప్పబడిపోయాయి. చాలాసేపు అట్లాగే ఉంచాడు. తీస్తే మళ్ళీ కనబడుతుందని మా ఇద్దరికీ తెలుసు.