గుమ్మిలో నేను, గడప మీద మేస్త్రి

నా చిన్నప్పుడు పడిశాన్ని ఎవరూ జబ్బు కింద లెక్కవేసేవాళ్లు కాదు. పడిశం పది రోగాల పెట్టు అని సామెతైతే చెప్పేవాళ్లు గానీ, పిల్లల ముక్కు కారితే కొంగుతో ఒక్క తుడుపు తుడిచి, పోయి ఆడుకోపో అని తరిమేవాళ్లు. అలాంటి ఊళ్లో పడిశం పట్టిందని నన్ను తీసుకుపోయి జొన్నల గుమ్మిలో వేశారంటే మా మనవళ్లు నమ్మరు. ఈ ముసలమ్మ కోతలు కోస్తోంది అంటారు. నమ్మకపోతే మానె, జరిగింది జరిగినట్టు చెబుతాను.

మాది కోసిగి పక్కన పల్లె. ఇల్లంటే ఒకే ఒక్క గది, పైన నాపబండల మిద్దె. ఒక మూల పొయ్యి, ఒక మూల నీళ్ల కడవలు, ఇంకో మూల గుమ్మి. ఈ కాలం పిల్లలు గుమ్మిని చూసి ఉండరు. కట్టెపుల్లలతో పెద్ద బుట్టలా అల్లి, లోపలా బయటా పేడతో మెత్తి, మనిషెత్తున నిలబెట్టేవాళ్లు. జొన్నలు పైనుంచి పోస్తారు, కావలసినప్పుడు అడుగున ఉన్న చిన్న బొక్కలోంచి తీసుకుంటారు. ఆ బొక్కకు గుడ్డపేలిక కుక్కి ఉంటుంది. ఆ ఏడు వానలు లేక జొన్న పండలేదు. గుమ్మి ఖాళీగా ఉంది. పైరు బతికుండగా రాని వాన, అది ఎండిపోయాక వచ్చింది. రాత్రీ పగలూ ముసురు. ఆ ముసురులోనే మా తమ్ముడు పుట్టాడు.

వాడికీ నాకూ మధ్య ఒక చెల్లెలు ఉండేది. సుగ్గిలో పుట్టి సుగ్గిలోనే పోయింది. సుగ్గి అంటే మా వైపు పంటకోతల వలస. ఇక్కడ చేను ఎండితే ఇంటికి తాళం వేసి, తుంగభద్ర కాలువల కింద వరి కోయడానికి పోయేవాళ్లం. ఆ గుడారంలో పక్కన పడుకున్న వాళ్లెవరికో దగ్గు ఉండింది. అది పసిదానికి అంటుకుంది. పాలు తాగలేక, డొక్కలెగరేసి, తెల్లారేసరికి అమ్మ ఒళ్లోనే పోయింది. అమ్మ ఆ మాట ఎప్పుడూ ఎత్తేది కాదు. మా జేజి, అంటే మా నాయన తల్లి, మరచిపోలేదు.

అందుకే తమ్ముడు పుట్టిన మరునాడు నేను తుమ్మగానే జేజి చేతిలో పని ఆగిపోయింది. నా వైపు చూసింది, ఉయ్యాల వైపు చూసింది. నన్ను ఎక్కడ పెట్టాలి? బయట వాన. పొరుగిళ్లు చూస్తే మా ఇంటికన్నా ఇరుకు. ఒకచోట కూర్చోమంటే కూర్చునే పిల్లనా నేను? తమ్ముడు కావాలని తిరగని గుడి లేదు, మొక్కని రాయి లేదు. కన్ను మరలితే చాలు, ఉయ్యాలలో తల దూర్చేదాన్ని. జేజి ఇంకేమీ ఆలోచించలేదు. నాయనను పిలిచి, లోపల కంబళి పరిపించి, నన్ను చంకల కింద పట్టుకుని గుమ్మిలోకి దింపమంది. పెద్దమ్మాయిని కదా, ఎక్కి దూకేస్తానని అనుకున్నాను. గోడలు నున్నగా ఉన్నాయి. కాలు ఆనలేదు.

ఆ లోపల ఎట్లా ఉంటుందో ఏమని చెప్పేది. కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగులుతాయి, నిలబడితే మిద్దె బండలు తప్ప ఏమీ కనబడవు. పాత జొన్నల ముక్కిపోయిన వాసనకు ముక్కు ఇంకా బిగిసింది. నా తుమ్ము నా చెవుల్లోనే మోగేది. బయట తమ్ముడు ఏడుస్తాడు, అమ్మ జోకొడుతుంది, నాకేమీ కనబడదు. అరిచాను, గుమ్మిని కాళ్లతో తన్నాను, వాణ్ని ఎవరికైనా ఇచ్చేయండి అని కూడా అన్నాను. మంచికే పెట్టారని ఇప్పుడు చెప్పుకుంటాం గానీ, ఆ రోజు నాకది జైలే. అమ్మ కూడా ఏడుస్తున్నట్టు వినిపించింది. అయినా నన్ను తీయమని ఆమె అడగలేదు. అది నాకు అన్నిటికన్నా కష్టంగా అనిపించింది.

బయటికి పోవాలంటే నాయన నన్ను పైకి లాగి, మూతికి గుడ్డ కట్టి, వాకిట్లోకి తీసుకుపోయి మళ్లీ తెచ్చి దింపేవాడు. రొట్టె ముక్కా, వేడి గంజీ జేజి పీట ఎక్కి పైనుంచి అందించేది. నా ముక్కు తుడిచిన ప్రతిసారీ బూడిదతో, వేడినీళ్లతో చేతులు తోముకున్నాకే ఉయ్యాల దగ్గరికి పోయేది. అక్కడినుంచి నాకు కబుర్లు చెప్పేది. "ఇప్పుడు ఆవులించినాడే. ఇప్పుడు పిడికిలి ఇప్పినాడు. అచ్చం నీ ముక్కే." ముక్కు మాట ఎత్తితే నాకు ఒళ్లు మండేది, అయినా ఇంకేం చేశాడని అడిగేదాన్ని. కొంతసేపటికి అడుగున ఉన్న గుడ్డపేలిక పీకేసి, ఆ బొక్కకు కన్ను ఆనించి ముడుచుకు పడుకోవడం నేర్చుకున్నాను. ఉయ్యాల కిందిభాగమూ, మనుషుల పాదాలూ కనబడేవి.

ముసురు ఇంకా విడవకముందే మేస్త్రి వచ్చాడు. మా పల్లెలో సగం మందిని ఏటా సుగ్గికి తీసుకుపోయేది ఆయనే. ఆయన పేరు పిలిస్తేనే మాకు పని, లేకుంటే లేదు. పసిబిడ్డ నాలుకకు ఎవరు తేనె అద్దితే వాళ్ల బుద్ధులు వస్తాయని మా వాళ్ల నమ్మకం. కొడుకు మేస్త్రి అంతటి వాడు కావాలని నాయన ఆశ. వానలో పోయి, బతిమాలి, ఆయనను పిలుచుకొచ్చాడు. ఎక్కడినుంచో తేనె కూడా తెచ్చి గిన్నెలో పోసి పెట్టాడు.

గడప దగ్గర చెప్పులు విడిచిన పెద్ద పాదాలు కనబడ్డాయి. వెంటనే మిద్దె అదిరేలా ఒక తుమ్ము, దాని వెనకే ఇంకోటి. ఆయన ముక్కు చీదిన చప్పుడైంది, చేయైనా కడగకుండా తేనె గిన్నె ఇమ్మన్నాడు. అంత పెద్దమనిషిని వద్దని ఎవరంటారు? బొక్కలోంచే అడిగాను.

"జేజీ, ఆయప్పకు గూడా పడిశమే. ఆయప్పను యాడ పెడ్తావు?"

నాయన గుమ్మి మీద ఒక గుద్దు గుద్దాడు. నోర్ముయ్యి అన్నాడు. జేజి పాదాలు మాత్రం కదిలి, వచ్చి గడపకు అడ్డంగా నిలబడ్డాయి.

"ఈడనే ఆగప్పా. నువ్వు పెద్దోనివి, మాకు కూడు పెట్టేటోనివి, కాదన్ను. పడిశమని నా మనవరాలిని గుమ్మిలో ఏసినాను. నిన్ను ఉయ్యాల కాడికి రానిస్తే, రేపు గుమ్మిలో ఉండే ఆ పిల్ల ముందర నా మొగం యాడ పెట్టుకోవాల?"

"అట్లయితే మీ తేనె మీరే నాకించుకోండి," అని ఆయన చెప్పులు తొడుక్కున్నాడు.

ఆ ఏడు సుగ్గికి ఆయన మా నాయన పేరు పిలవలేదు. నాయన గోనెగండ్ల దాకా పోయి దొరికిన కూలి చేసుకొచ్చాడు. జొన్న గంజి పలచనై పలచనై చివరికి నీళ్లే మిగిలాయి. నాయన చాలా రోజులు జేజితో మాట్లాడలేదు, ఆమె పెట్టిన ముద్ద మాత్రం తలవంచుకుని తినేవాడు. జేజి తాను చేసింది తప్పని ఒక్కసారి కూడా అనలేదు.

ఆ రోజు మేస్త్రి వెళ్లిపోగానే, నిజం చెప్పాను కదా, జేజి నన్ను బయటికి తీస్తుందని ఆశపడ్డాను. జేజి పైనుంచి తొంగిచూసింది. కళ్లు తడిగా ఉన్నాయి. "మంచి మాట అడిగినావే," అంది. "అయినా నీకు ఇంకా పడిశం ఉంది." అని, కంబళి సరిగా కప్పుకోమని చెప్పి పోయింది. ఎంత ఏడ్చానో. పడిశం పూర్తిగా విడిచాకే నన్ను తీసి, చేతులు తోమించి, తమ్ముణ్ని నా ఒళ్లో పెట్టింది.

ఆ తమ్ముడు ఇప్పుడు ఆదోనిలో ఉంటాడు, తాత అయ్యాడు. మొన్న వాడి మనవరాలిని చూడాలని బస్సెక్కాను. దారిలో చలిగాలికి ముక్కు పట్టేసింది. ఇంటికి చేరేసరికి అందరూ గుమ్మం దగ్గరికి వచ్చి, రా అక్కా, రా అవ్వా, పాపను ఎత్తుకో అని ఒకటే పిలుపులు. బాలింత పిల్ల లోపల నిలబడి ఉంది. నేను తుమ్మగానే బిడ్డను గుండెలకు ఇంకాస్త అదుముకుంది. వద్దని చెప్పలేదు. ఇంటికి పెద్దదాన్ని, నాకు ఎట్లా చెబుతుంది?

పసిదాన్ని ఒళ్లో వేసుకోవాలని చేతులు పీకాయి, అబద్ధమెందుకు. అయినా బయట అరుగు మీదే కూర్చున్నాను. "నాకు పడిశం పట్టింది, లోపలికి రాను. తగ్గినాక మళ్లా వస్తా," అన్నాను. ఏం కాదులే అక్కా అని తమ్ముడు చేయి పట్టి లాగాడు. విదిలించుకున్నాను. ఆ పిల్ల కిటికీ దగ్గరికి వచ్చి, అవతలినుంచే బిడ్డ ముఖం మీది గుడ్డ తీసి నాకు చూపించింది. పెద్దవాళ్లకు వద్దని చెప్పడం ఆ వయసు పిల్లల వల్ల కాదు, ఆ మాట మనకు మనమే చెప్పుకోవాలి. కాసేపు కూర్చుని, టీ తాగి, బిడ్డను తాకకుండానే సాయంత్రం బస్సుకు కోసిగికి వచ్చేశాను.