పరాంకుశం గారి పెరట్లో పచ్చిక

మొన్న శనివారం మా మందిరంలో యువజన కూడికల కోసం వేదిక అలంకరిస్తున్నారు. షామియానా వాళ్ళ దగ్గర నుంచి ఎవరో ప్లాస్టిక్ గడ్డి చుట్ట తెచ్చి మధ్యాహ్నపు ఎండలో మెట్ల మీద విప్పారు. వేడెక్కిన ప్లాస్టిక్కు, అడుగున పూసిన జిగురు కలిసి ఒక్కసారిగా ఘాటైన వాసన కొట్టింది. మర్నాడు ఆరాధనలో చెప్పవలసిన బైబిలు వాక్యం చదువుకుంటున్నవాణ్ణి, పుస్తకం మూసేశాను. ఆ వాసన తగిలితే నాకు పరాంకుశం గారు గుర్తొస్తారు. ఆయన వెంటే తలనొప్పి కూడా వస్తుంది.

ఆయన్ని మీరు ఎరగరు. సినిమాలకు కళా దర్శకులు. తెర మీద మీరు చూసే జమీందారు మేడ గానీ, పేదవాడి గుడిసె గానీ ముందు కాగితం మీద గీసి, తర్వాత చెక్కతోనూ సున్నంతోనూ కట్టించే పని ఆయనది. మద్రాసులో నేను ఆయన దగ్గర సహాయకుడిగా చేరాను. పరిశ్రమ హైదరాబాదుకు తరలివస్తున్న రోజుల్లో ఆయన జూబ్లీహిల్స్ బండరాళ్ళ మధ్య ఇల్లు కట్టుకున్నారు. ఆయన వెంట వచ్చిన నేను వెంగళరావు నగర్లో రెండు గదులు అద్దెకు తీసుకుని, అక్కడి సంఘంలో చేరాను. మా నాన్నగారు సువార్తికులు. ఓనమాలు దిద్దక ముందే నాకు కీర్తనలు కంఠస్థం. పరాంకుశం గారు గుడికీ వెళ్ళరు, ఇంకెక్కడికీ వెళ్ళరు. ఆదివారం పనికి రానని నేనన్నప్పుడల్లా ఒకటే మాట అనేవారు: "మీ దేవుడు లోకమంతా కట్టి ఏడో రోజు సెలవు తీసుకున్నాడంటావు. ఆ నిర్మాత ఎవరో చెప్పవయ్యా సామేలూ, నేనూ ఆయన దగ్గరే చేస్తాను."

తొంభైల మొదట్లో ఆయనకు పని తగ్గింది. కొత్త దర్శకులు కొత్తవాళ్ళను పెట్టుకుంటున్నారు. ఆయన మీద ఆధారపడిన వడ్రంగులు, రంగులవాళ్ళు ఫిలింనగర్ ఆఫీసుల ముందు తిరుగుతున్నారు. అప్పుడు ఒక పెద్ద నిర్మాత రాజకోట సెట్టుతో సినిమా తలపెట్టాడని తెలిసింది. ఆయనకు గోల్ఫ్ పిచ్చి. ఆటలో కలిసిన వాళ్ళతోనే బేరాలు కుదుర్చుకుంటాడని ఎవరో చెప్పారు. మరునాడు పరాంకుశం గారు ఒక విదేశీ పత్రికలోంచి చింపిన బొమ్మ నా ముందు పెట్టారు. పటింగ్ గ్రీన్ అట. బంతిని గాల్లోకి లేపకుండా, నున్నటి పచ్చిక మీద మెల్లగా దొర్లించి గుంటలో వేసే చోటు. పెరట్లో అది కడతారట, నిర్మాతను కాఫీకి పిలుస్తారట. గోల్ఫ్ కర్ర ఏ చివర పట్టుకుంటారో మాలో ఒక్కడికీ తెలియదు.

ఆ బుధవారం ఉపవాస ప్రార్థనలో నేను లేచి, మా గురువుగారికి ఆ సినిమా రావాలని సంఘాన్ని ప్రార్థన అడిగాను. సంఘమంతా మోకరించింది. అది వస్తేనే మా సెట్టు పనివాళ్ళందరికీ ఏడాది పాటు పని.

పెరడంటే ఏటవాలు బండ. దాని మీద ఆయన భార్య శేషమ్మగారు అప్పడాలు ఎండబెట్టుకునేవారు. "ఇప్పుడు అప్పడాలు నీ నెత్తిన ఆరెయ్యనా?" అని ఆవిడ నన్నడిగారు, అదేదో నా ఆలోచన అయినట్టు. మా వడ్రంగి మేస్త్రి మల్లేశం రహమత్ నగర్ నుంచి మనుషుల్ని తెచ్చాడు. వాళ్ళు తవ్వలేదు, మట్టి పోయలేదు. సెట్టుకు వేసినట్టే బండ మీద కొయ్య కాళ్ళు నిలబెట్టి, పలకలు పరిచి, పైన బొంబాయి నుంచి తెప్పించిన ప్లాస్టిక్ గడ్డి అతికించారు. గురువుగారు గీసిన ప్రకారం అటు చివర, గుంట ఉన్న వైపు, జానెడు ఎత్తు లేపారు. సెట్టులో నేల ఎప్పుడూ అలాగే లేపుతాం. లేపకపోతే కెమెరాకు నేల ఒక గీతలా కనిపిస్తుంది. ఇక్కడ కెమెరా లేదు కదండీ అన్నాను. వసారాలో నిర్మాత కూర్చునే కుర్చీ చూపించి, అదే కెమెరా అన్నారు.

గడ్డి మరీ కొత్తగా మెరుస్తోందని రంగులవాళ్ళను పిలిపించి మెరుపు తగ్గించారు. ఆ తర్వాత చేసింది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ప్రహరీ పక్కన గడ్డి మీద నీడలు వేయించారు. రంగుతో నీడలు. పొద్దున్న బాగానే ఉన్నాయి. మధ్యాహ్నానికి అసలు నీడ ఇటు తిరిగింది, మా నీడ అటే ఉండిపోయింది. నిర్మాతను పొద్దున్నే పిలుద్దామన్నారు తప్ప, నీడ చెరపనివ్వలేదు.

అంతా అయ్యాక, ఒక్కసారి బంతి దొర్లించి చూద్దామండీ అన్నాను. మా వృత్తిలో ఒక నియమం ఉంది. పూర్తయిన సెట్టు మీద షాట్ తీసేదాకా ఎవరూ అడుగు పెట్టకూడదు. అడుగుల మరకలు పడతాయని, రంగు చెదురుతుందని. ఆ నియమం ఆయనకు నా ఆదివారం లాంటిది. మర్నాడు మళ్ళీ అడిగాను. చెప్పులు విప్పి, మేజోళ్ళతో వెళతానన్నాను. చీపురు కర్రతోనైనా దొర్లిస్తానన్నాను. మల్లేశం వింటుండగానే ఆయన నా మీద విరుచుకుపడ్డారు: "ఏం, నేను కట్టిన నేల మీద నీకు విశ్వాసం లేదా? కనపడని వాటి మీద అంత విశ్వాసం ఉన్నవాడివి, కనపడేదాన్ని నమ్మలేవా?" ఆయనతో వాదించే వాళ్ళకు ఇదే కష్టం. మన మాటలే తీసుకుని మన మీద విసురుతారు.

నిర్మాత పొద్దున్నే వచ్చాడు. వెంట ఆయన మేనేజరు. వసారాలోంచి చూసి "అద్భుతంగా ఉందండీ" అన్నాడు, అది నిజం కూడా. ఆ కుర్చీలోంచి చూస్తే ఇంగ్లండులో ఉన్నట్టే ఉంది. కారులోంచి తన కర్ర తెప్పించుకుని పచ్చిక మీదికి నడిచాడు. అడుగు పడగానే కింద పలకలు డోలులా మోగాయి. బంతి పెట్టి సుతారంగా కొట్టాడు. బంతి ముచ్చటగా గుంట దాకా వెళ్ళింది, అంచు దగ్గర ఆలోచించినట్టు ఆగింది, తిరిగి దొర్లుకుంటూ వచ్చి ఆయన బూట్ల దగ్గర నిలిచింది. ఆయన నవ్వి మళ్ళీ కొట్టాడు. మళ్ళీ వచ్చింది. మూడోసారి గట్టిగా కొడితే గుంట దాటి ప్రహరీకి తగిలి, ఇంకా వేగంగా వచ్చింది. మల్లేశం నా వెనక నిలబడి గొణిగాడు: "గిదేంది సార్, బంతి ఇల్లు యాదికొచ్చినట్టు మర్లొస్తుంది."

నిర్మాత నవ్వడం మానేశాడు. మేనేజరు అనుభవం ఉన్న మనిషి. గురువుగారికి దారి చూపించాడు: "కుర్రాళ్ళు మట్టం చూసుకోలేదేమోనండీ. మంచి మనుషుల్ని పెట్టుకోండి, కోట సెట్టు మాట్లాడుకుందాం."

ఇక్కడ మా వాళ్ళ మర్యాద ఒకటి చెప్పాలి. సెట్టులో ఏం తప్పు జరిగినా నిర్మాత ముందు కళా దర్శకుడు సహాయకుణ్ణి తిట్టి, ఇవాళే వెళ్ళిపొమ్మంటాడు. సహాయకుడు తల వంచుకుని గేటు దాటతాడు. రెండు రోజులాగి మామూలుగా పనికొస్తాడు. అందరికీ తెలిసిన తంతు. మద్రాసులో పరాంకుశం గారు నన్ను ఎన్నిసార్లు అలా పంపించారో లెక్కలేదు. నేను అప్పటికే తల వంచాను. చెప్పులు ఎక్కడ విడిచానో కళ్ళతో వెతుక్కుంటున్నాను.

ఆయన అన్నారు: "వాళ్ళు నేను గీసినట్టే కట్టారండీ. గీసింది నేను. మట్టం తప్పించింది నేను."

అంతే. ఆ తర్వాత లోపలికి తిరిగి, కాఫీలు ఏమయ్యాయని శేషమ్మగారిని కేకేశారు. నిర్మాత కాఫీ తాగాడు, మర్యాదగానే వెళ్ళాడు. ఒక గుంట దగ్గర నేల చూసుకోలేని మనిషికి కోట ఎలా అప్పగిస్తామని అన్నట్టు వారంలోనే ఫిలింనగర్లో అందరికీ తెలిసింది. సినిమా వేరే వాళ్ళకు వెళ్ళింది.

నాకు ఆ రోజు కృతజ్ఞత కలగలేదు. చెప్పలేనంత కోపం వచ్చింది. మల్లేశం అయితే మొహం మీదే అడిగేశాడు: "గా ఒక్క మాట మా మీద పెడితే ఏం పోతుండె సార్? ఎల్లుండి మళ్ళ వస్తుంటిమి గద." ఆయన పలకలు ఊడదీయమన్నారు. ఎందుకంటే, సరిగ్గా మళ్ళీ వేయడానికట. ఇంక ఎవరొస్తారని వేయడం? ఈసారి బండ పల్లాల్లో రాతి పొడి నింపించి, దిమ్మిస కొట్టించి, నేల సమంగా ఉందో చూసే రసమట్టం పెట్టుకుని ఆయనే ఎండలో మోకాళ్ళ మీద పాకుతున్నారు. నేను రసమట్టం అవతలి కొస పట్టుకుని, పళ్ళు కొరుక్కుంటూ అడిగాను, మద్రాసులో అన్నిసార్లు నన్ను గేటు దాటించారు కదా, ఈసారి ఏమొచ్చిందని.

తల ఎత్తకుండానే చెప్పారు: "అప్పుడెప్పుడూ నువ్వు ముందు చెప్పలేదు కదయ్యా. ఈసారి చెప్పావు."

ఆ పచ్చిక మీద బంతి తిన్నగా వెళ్ళింది. ఎవరూ వచ్చి ఆడలేదు. శేషమ్మగారు దాని మీద అప్పడాలు ఆరేశారు, ఎప్పటికన్నా నున్నగా ఎండుతున్నాయన్నారు. గురువుగారు సాయంత్రాలు గొడుగు తిరగేసి బంతి దొర్లించుకునేవారు. తర్వాత టీవీ సీరియళ్ళకు చిన్న సెట్లు వేసి, మా పనివాళ్ళను చెదరనివ్వకుండా నడుపుకొచ్చారు. కోట మాత్రం మళ్ళీ రాలేదు. సంఘంలో ఒక పెద్దమ్మ, మనం ప్రార్థన చేసిన సినిమా వచ్చిందా నాయనా అని అడిగితే, లేదని చెప్పి తల దించుకున్నాను. మరి దేవుడు ఏమిచ్చాడని ఆవిడ అడగలేదు.

ఇప్పుడు నేను సంఘ పెద్దను. తప్పు ఒప్పుకోవడమంటే ఏమిటో చిన్నప్పటి నుంచి నేర్చుకున్నవాళ్ళం మేము. మా దగ్గర కన్నీళ్ళకు కొదవ లేదు. ఎవరైనా నా ముందు కూర్చుని "తప్పు నాదే అన్నా" అని మొదలుపెడితే, ఆ వెంటే వచ్చే "కానీ" కోసం చెవి రిక్కించడం నాకు అలవాటైపోయింది. దాదాపు ప్రతిసారీ వస్తుంది. ఏ ఆరాధనకూ రాని ఆ మనిషి, ఏడాది పని చేతిలోంచి జారిపోతుంటే, వసారాలో నిలబడి ఆ ఒక్క మాట లేకుండా ముగించారు. ఆయన్ని నా విశ్వాసంలో ఎక్కడ కూర్చోబెట్టాలో నాకు తెలియదు. దేవుడికి తెలుసు, ఆ లెక్క ఆయనకే వదిలేశాను. నా వంతుకు వస్తే మాత్రం, రాత్రి మోకరించి నా తప్పులు చెప్పుకునేటప్పుడు ఆ "కానీ" నాకూ నోటి దాకా వస్తుంది. దాన్ని మింగడానికి కొంతసేపు పడుతుంది. మింగాకే ఆమేన్ అంటాను.