ఈత కళ్లద్దాలతో తీసిన దిష్టి

దెయ్యాలూ దిష్టులూ నేను నమ్మను. మొదటినుంచీ అంతే. ఆ నమ్మకం లేకపోవడం మీద నాకెంత నమ్మకమంటే, దాన్ని నిరూపించడానికి మా అబ్బాయి ఈత కళ్లద్దాలు పెట్టుకుని స్టవ్ ముందు నిలబడ్డాను. నా తెలివితక్కువతనం ముందే ఒప్పేసుకుంటే మిగతాది ధైర్యంగా చెప్పొచ్చు.

మాది పర్చూరు దగ్గర పల్లె. నేను కెమిస్ట్రీ మాస్టారిని. సమోవాలో ఒక స్కూల్లో ఉద్యోగం వస్తే నా భార్య సుజాతనూ ఇద్దరు పిల్లల్నీ వెంటబెట్టుకుని వెళ్లాను. పసిఫిక్ సముద్రం మధ్యలో దీవి. ఇంటి ముందు సముద్రం, వెనక కొబ్బరితోట. మా సామాన్లో సగం అత్తగారు కట్టిచ్చిన ఎండుమిరపకాయలే. విమానాశ్రయంలో ఆ మూట విప్పినాయన గట్టిగా తుమ్మి, మళ్లీ తనే కట్టి ఇచ్చాడు. కాయల్లో లోపం లేదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పెద్దవాడు చింటూ వారానికే అక్కడి పిల్లల్లో కలిసిపోయాడు. చిన్నది బుజ్జికి మూడేళ్లు. స్కూలు పండగలో పూలదండ వేసుకుని డాన్స్ చేస్తే వచ్చినవాళ్లంతా ఎత్తుకుని ముద్దులాడారు. ఆ మర్నాటినుంచి పిల్ల అన్నం ముట్టలేదు. కాసిని పాలు, బతిమాలితే ఓ అరటిపండు ముక్క. డాక్టరు అన్ని పరీక్షలూ చేసి ఏమీ లేదన్నాడు. ఏమీ లేని పిల్లకి బుగ్గలు లోపలికెందుకు పోతున్నాయో ఆయనా చెప్పలేదు, నేనూ చెప్పలేకపోయాను.

"ఇంక నావల్ల కాదండీ. పిల్లల్ని తీసుకుని అమ్మ దగ్గరికి వెళ్లిపోతా" అంది సుజాత. టికెట్లు కూడా చూసింది. ఉద్యోగం మధ్యలో వదిలి నేను కదలడానికి లేదు. సంసారం సముద్రానికి చెరో ఒడ్డునా పడబోతోంది.

ఆ సాయంత్రం వీడియో కాల్‌లో అత్తగారు తేల్చేశారు. "దిష్టి తగిలింది బాబూ. ఉప్పూ మిరపకాయలూ తిప్పి మంటలో వెయ్యండి. ఘాటు రాలేదా, దిష్టి ఉన్నట్టే."

"వస్తేనో అత్తయ్యా?"

"వస్తే మీ సైన్సే గెలిచింది. వెయ్యండి చూద్దాం!"

నాకు పట్టరాని ఉత్సాహం వచ్చింది. మిరపకాయ కాలితే ఘాటు రాకపోవడమేమిటి? మూటలోంచి మంచి ఎర్రటి కాయలు ఏరాను. ఘాటు పిసరంత కూడా బయటికి పోకూడదని కిటికీలన్నీ మూశాను. కళ్లకి చింటూ కళ్లద్దాలు, ముక్కుకి తువ్వాలు. సుజాత బుజ్జిని ఒళ్లో పెట్టుకుంది. ఫోన్‌లోంచి అత్తగారు "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి" అని అందిస్తుంటే పిడికిలి తిప్పాను. మాకక్కడ ఇరుగంటే సముద్రం, పొరుగంటే కొబ్బరిచెట్లు. ఎవరి దిష్టి తీస్తున్నానో నాకే తెలియలేదు. తిప్పినవన్నీ వేడి పెనం మీద పోశాను.

కాయలు నల్లబడ్డాయి. పొగ లేచింది. ఎవరూ తుమ్మలేదు. తువ్వాలు తీసి వంగి వాసన చూశాను. ఏమీ లేదు. వట్టి పొగ.

అప్పుడు ఫోన్‌లో దగ్గు వినిపించింది.

అత్తగారు కొంగు నోటికడ్డం పెట్టుకుని, కళ్లవెంట నీళ్లు కారుతుండగా దగ్గుతున్నారు. వెనక వరండాలోంచి మామగారి కేక: "ఎవత్తే అది, మిరపకాయలు మాడుస్తోంది? చంపుతారటే మనుషుల్ని!"

"నేను కాదండీ! పొయ్యే వెలిగించలా!"

అక్కడప్పుడు పట్టపగలు. మిరప సీజను అయిపోయి పంటంతా కోల్డ్ స్టోరేజీలో ఉంది. అత్తగారు దగ్గుతూనే ఫోన్ పట్టుకుని వంటిల్లు చూపించారు. స్టవ్ చల్లగా ఉంది. పక్కింటికి తాళం వేసి ఉంది.

"అమ్మా, అన్నం" అంది బుజ్జి.

నన్ను చూసి నవ్వుతోంది. పప్పన్నం కలిపి పెడితే గిన్నె ఖాళీ చేసింది. తినిపిస్తూ సుజాత ఏడ్చింది. టికెట్ల మాట మళ్లీ ఎత్తలేదు.

నేను ఊరుకుంటానా? మర్నాడు అవే కాయలు అదే పెనం మీద వేశాను. ఇల్లంతా ఘాటు! పిల్లలూ సుజాతా సముద్రంలోకి పరిగెత్తారు. కొబ్బరితోట అవతలనుంచి ఒకావిడ నీళ్ల బకెట్‌తో పరిగెత్తుకొచ్చింది. ఫోన్‌లో అత్తగారు మాత్రం తాపీగా బెండకాయలు తరుగుతున్నారు.

బుజ్జి నా వేషం చూసి నవ్వి, ఆ హుషారులో తిందనుకుందాం. మరి అత్తగారి దగ్గు, మామగారి కేక? ఎన్ని విధాల ఆలోచించినా నా కెమిస్ట్రీ అక్కడే ఆగిపోతుంది.

ఇంతకీ ఆ రోజు అత్తగారు దగ్గుతూ కూడా స్క్రీన్‌షాట్ తీశారు. కళ్లద్దాల అల్లుడి బొమ్మ ఊరంతా తిరిగింది. ఇప్పటికీ ఆవిడ వాట్సాప్‌లో నేనే డీపీ. నేనూ ఊరుకోలేదు. రెండు జతల ఈత కళ్లద్దాలు కొని పార్సిల్లో పంపాను.

మొన్న చింటూ అన్నం మానేస్తే మళ్లీ కాల్ చేశాను. "కాయలు పెనం మీద వేస్తున్నా అత్తయ్యా" అన్నాను. ఆవిడ కంగారుగా కళ్లద్దాలు తగిలించుకున్నారు. పక్కన మామగారు అప్పటికే పెట్టుకుని, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నారు.

"ఆ, ఇంక వెయ్యవయ్యా" అన్నారు.