ఇంకొక్క పొద్దు ఉంటే

మా అబ్బా పటాన్‌చెరులో ముప్పై ఎనిమిదేళ్లు డీజిల్ మెకానిక్‌గా బతికాడు. పేరు లతీఫ్. ఆయన చేతిలో బాగుపడిన బండ్లు ఎన్నో నాకు తెలియదు. బాగుపడకుండా వెళ్లిపోయిన బండి మాత్రం ఒకటి తెలుసు. అది వెళ్లిపోవడానికి కారణం నేను.

సొంతూరు హత్నూర. పద్నాలుగేళ్లకు లారీ క్లీనర్‌గా రోడ్డెక్కి, డీజిల్ పంపులు బాగుచేసే ఒక ఉస్తాద్ దగ్గర పని నేర్చుకొని, హైవే వెనక గల్లీలో మా ఇంటిని ఆనుకొని రేకుల షెడ్డు వేసుకున్నాడు. ఫ్యాక్టరీల వ్యాన్లు, ఆఫీసర్ల కార్లు, కూరగాయల జీపులు అన్నీ అక్కడికే వచ్చేవి. తరువాత కంప్యూటర్ తగిలించి చూసే బండ్లు వచ్చాయి. తెల్లాపూర్ అపార్ట్‌మెంట్ల కార్లు ఎటూ మా గల్లీలోకి తిరగవు. చివరి పదేళ్లలో ఆయనకు మిగిలినవి ఆయనలాగే పాతబడిన డీజిల్ బండ్లు.

అందులోనూ పొద్దున స్టార్టు కాకుండా మొరాయించే బండ్లంటే ఆయనకు పంతం. అలాంటి బండిని వచ్చిన రోజు ముట్టేవాడు కాదు. నడిపించుకొని వస్తారు కాబట్టి ఇంజిన్ వేడిగా ఉంటుంది, తాళం తిప్పగానే అందుకుంటుంది, జబ్బు బయటపడదు. "వేడి బండి పెండ్లిసూపులకొచ్చిన పిలగాని లెక్క. మంది ముందర మస్తు మంచిగుంటది. అసలు గుణం తెల్వాలంటే పొద్దుగాల నిద్రలేపి సూడాలె" అనేవాడు.

అందుకని బండి రాత్రి షెడ్డులోనే ఉండాలి. ఎవరూ ముట్టకుండా తాళం చెవి జేబులో వేసుకొనే తెల్లవారుజామున ఫజర్ నమాజుకు పోయేవాడు. తిరిగొచ్చి, నెత్తి మీద టోపీ అలాగే ఉండగా, తాళం తిప్పి ఒక్కసారి సెల్ఫు కొట్టేవాడు. ఆ ఒక్కసారితో ఇంజిన్ వేడెక్కిపోతుంది. ఇంకో అనుమానం తీర్చుకోవాలంటే మళ్లీ మర్నాటి పొద్దు దాకా ఆగాలి. రోజుకు ఒక్కటే పరీక్ష. ఇంత ఓపిక ఎవరికుంటుంది? చాలామంది సగంలోనే బండి తీసుకొని వెళ్లిపోయేవారు.

పోయిన డిసెంబరులో లక్డారం కొమురయ్య తన పాత కారు తీసుకొచ్చాడు. ఇరవై ఏళ్లుగా అబ్బా దగ్గరికే వచ్చే రైతు. నేను ఆయనను కాకా అని పిలుస్తాను.

"ఇగో లతీఫ్ భాయ్, ఇది మూడోసారి. ఫిల్టర్ మార్చినవ్, బ్యాటరీ మార్పిచ్చినవ్. అయినా పొద్దుగాల పావుగంట ఏడిపిస్తది. తెల్ల పొగ కక్కి గప్పుడు అందుకుంటది. ఇగ దినమంతా గుర్రం లెక్క ఉరుకుతది" అన్నాడు.

"ఒక్క రాత్రన్న నా దగ్గర విడిచిపెట్టినవా పటేలా? ఉరికిచ్చుకుంట తెస్తవ్, చాయ్ తాగి తీస్కపోతవ్. ఈసారి నాలుగు రాత్రులు ఈడ పండాలె."

"నాలుగా! మా మల్లమ్మ కాన్పుకు గూడ గన్ని దినాలు దవాఖానల లేదు!"

ఎదురుగా చాయ్ హోటల్ యాదన్న ఊరుకుంటాడా? "ఇచ్చిపో పటేలా. తల్లిగారింటికొచ్చిన ఆడబిడ్డ లెక్క సూసుకుంటడు. పోయేటప్పుడు చీరె గూడ పెడతడు" అన్నాడు. ముగ్గురూ నవ్వారు.

వెళ్లేముందు కొమురయ్య నవ్వు తగ్గించి, "భాయ్, గిదే లాస్టు. తుక్కుకు అమ్మెయ్యమని పోరగాండ్లు పానం తింటున్నరు. నీ చేతిల కాకపోతే ఇగ ఎవ్వల చేతిల కాదు" అన్నాడు.

ఆ మాట అబ్బా లోపలికి దిగింది. ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చొని అమ్మీతో, "హాజిరా, ఇది పట్టుకోలేకపోతే నా చెయ్యి పోయినట్టే. షెడ్డుకు తాళమేస్త" అన్నాడు. అమ్మీ ఆయన మొహంలోకి చూసి, పప్పు ఇంకాస్త వేసింది.

అప్పటికి రెండేళ్ల కింద ఆయన గుండెకు స్టెంటు వేశారు. చలిలో తిరగొద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడు. నేను హత్నూర హైస్కూల్లో తెలుగు చెబుతాను. ఏడు గంటల బస్సుకు పోవాలి. పోయేముందు నాకు రోజూ కనిపించేది ఒకటే, బండి కింద గోనెసంచి మీద పడుకున్న మా నాన్న కాళ్లు.

మొదటి పొద్దు, చల్లటి ఇంజిన్‌ను వేడి చేసే హీటర్ ప్లగ్గులు చూశాడు. నాలుగూ మంచిగానే ఉన్నాయి. రెండో పొద్దు ఫిల్టర్‌కూ పంపుకూ మధ్య నల్ల పైపు తీసేసి, లోపల ఏం పోతున్నదీ కనపడేలా తెల్లటి పారదర్శకమైన పైపు ముక్క వేశాడు. సెల్ఫు కొట్టి నన్ను కేకేశాడు.

"తహ్రీమ్! జల్దీ రా, ఇగో సూడు."

డీజిల్‌లో ఆవగింజలంత బుడగలు వరసగా పోతున్నాయి.

"ఏంది అబ్బా అది, నురగా?"

"గాలి బేటా. రాత్రంతా డీజిల్ ట్యాంకులకు వాపస్ పోతది. దాని జాగాల గాలి కూసుంటది. పొద్దుగాల పంపు డీజిల్ తాగాల్సింది పోయి గాలి తాగుతది."

"మరి ఎక్కడా చుక్క కూడా కారతలేదు?"

"కారితే ఎవడైనా పట్టుకుంటడు. గాలిని లోపలికి గుంజే చిల్లు బయటికి చుక్క విడవదు. గందుకే మంది పంపు మారుస్తరు, నాజిళ్లు మారుస్తరు. చిల్లు ఆడనే ఉంటది."

అని నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గుతూ బంపర్ పట్టుకొని నేల మీద కూర్చుండిపోయాడు. పెదవులు నల్లబడ్డాయి. నీళ్లు తెచ్చేసరికి తేరుకొని, "అమ్మీకి చెప్పకు" అన్నాడు. నేను చెప్పలేదు. చెప్పాల్సిన మనిషి వేరే ఉన్నాడని ఆ రోజంతా బళ్లో అనుకుంటూ ఉన్నాను.

మూడో పొద్దు ఆయన మసీదు నుంచి రాకముందే బయలుదేరాను. బస్టాపు దగ్గర కొమురయ్య ఆటోలోంచి కూరగాయల గంపలు దింపుతున్నాడు.

"కాకా, నీ బండి తీస్కపో."

"అయిందా బిడ్డా?"

"కాలే. అబ్బాకు పానం మంచిగలేదు. నీ బండి కోసం గీ చలిల కిందనే పంటున్నడు. వేరే దిక్కు సూపిచ్చుకో. నేను చెప్పిన్నని మాత్రం చెప్పకు. ఆయన అడిగినా మళ్ల తేకు. మాటియ్యి కాకా."

కొమురయ్య గంప కింద పెట్టి, "సరె బిడ్డా, మాట" అన్నాడు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి షెడ్డు ఖాళీగా ఉంది. అబ్బా స్టూలు మీద కూర్చొని ఉన్నాడు. చేతిలో పేపరు చుట్టిన చిన్న పొట్లం.

"పటేల్ బండి తీస్కపోయిండు. నేను బజారుకు పోయినంక వచ్చిండంట, ఆయన కాడ ఇంకో తాళం చెవి ఉండె. అర్జంటని మీ అమ్మీకి చెప్పిండంట."

"పోనీ అబ్బా, పరేషాన్ తప్పింది."

"ఇంకొక్క పొద్దు ఉంటే..." అని ఆగిపోయాడు. లేచి పొట్లాన్ని గోడ మేకుకు తగిలించాడు. అందులో ఏముందని నేను అడగలేదు.

ఆ తరువాత ఆయన ఏ బండినీ రాత్రి ఉంచుకోలేదు. ఎవరైనా వస్తే, "నాకు ఇగ జబ్బు దొరుకతలేదు. వేరే దిక్కు సూపిచ్చుకోండ్రి" అని పంపేసేవాడు. పొద్దున నమాజు నుంచి వచ్చి దుప్పటి కప్పుకొని పడుకుంటుంటే ఆయన విశ్రాంతి తీసుకుంటున్నాడని నేను సంతోషించాను. ఆ నిద్రలో ఏముందో చూడలేదు. ఫిబ్రవరిలో ఒక శుక్రవారం మసీదు నుంచి వస్తూ మా ఇంటి మెట్ల మీద కూర్చొని, ఇక లేవలేదు. బండి కింద పడుకోనివ్వకుండా నేను కాపాడిన గుండె రెండున్నర నెలలు నడిచింది.

నలభై రోజుల ఫాతిహా అయ్యాక షెడ్డు సర్దుతుంటే ఆ పొట్లం దొరికింది. విప్పితే జానెడు కొత్త రబ్బరు పైపు, రెండు క్లిప్పులు. పేపరు మీద ఉర్దూలో పెన్సిల్‌తో రాసి ఉంది: లక్డారం పటేల్. వెనక సీటు కింద, ట్యాంకు మీద.

అమ్మీని అడిగాను. ఆమె చెంగుతో పైపు మీది దుమ్ము తుడుస్తూ చెప్పింది. "పటేల్ బండి తీస్కపోయిన పొద్దే కదా, నువ్వు బడికి పోయినంక. డీజిల్ సీసా పైన కట్టి, ట్యాంకుతో పని లేకుండ పంపుకు తాపిండు. ఒక్క సెల్ఫుకే అందుకుంది. సీసాతో మంచిగుంటే ఖరాబీ ట్యాంకు కాడి పైపులనే అన్నడు. సీటు లేపి ఏలితో తడిమి తడిమి పట్టుకున్నడు. కొత్తది వేసి, రేపు పొద్దున సూసి, పటేల్‌కు చెప్త అనుకుంట బజారుకు పోయిండు. పిల్లగాని లెక్క పోయిండు."

"నాకెందుకు చెప్పలేదు అమ్మీ?"

"పరేషాన్ తప్పిందని నువ్వే అంటివి. ఇగ నేనేం చెప్పాలె?"

ఆదివారం ఆటోలో లక్డారం వెళ్లాను. కారు రేకుల కొట్టం కింద ఉంది. కొమురయ్య అప్పుడే భార్య మల్లమ్మను అదే కారులో మోకాళ్ల డాక్టరుకు చూపించి వచ్చాడు.

"పంపు మార్చిన్రు బిడ్డా, నాజిళ్లు మార్చిన్రు. పొద్దుగాల మళ్ల గదే ఏడుపు" అన్నాడు.

పొట్లం చేతిలో పెట్టాను. రాసింది చదివి వినిపించాను. ఆయనే వెనక సీటు పీకి, రేకు మూత తీసి, పాత పైపు ఊడదీశాడు. చూడడానికి బాగానే ఉంది. వంచితే క్లిప్పు ఉండే చోట, పగిలిన మడమలా సన్నటి పగుళ్లు విచ్చుకున్నాయి. కొత్త పైపు కోయాల్సిన పని లేకుండా సరిపోయింది. ఫిల్టర్ మీది చేతిపంపు నొక్కి నొక్కి గాలి తీసి, కొమురయ్య తాళం చెవి అందుకోబోయాడు.

"ఇప్పుడు కాదు కాకా. ఇంజిన్ వేడిగుంది. ఏం తెల్వది. రేపు పొద్దుగాల."

ఆయన చెయ్యి ఆగిపోయింది. మా నాన్న మాట నా నోట వినగానే, పీకిన సీటు మీదే కూలబడ్డాడు.

"అబ్బాకు ఆ రోజే దొరికింది కాకా. నేనే..."

"గందుకేనేమో బిడ్డా" అన్నాడు పాత పైపును చేతిలో తిప్పుతూ. "ఆ పొద్దుమీకి రెండుసార్లు ఫోన్ చేసిండు. నా చేతిలనే మోగింది. ఎత్తలే. నీకు మాటిచ్చిన గదా."

మల్లమ్మ చాయ్ తెచ్చింది. ఇద్దరం చల్లారేదాకా తాగలేదు.

మర్నాడు ఆరింటికి నా ఫోన్ మోగింది. మొదటి రింగుకే ఎత్తాను. అవతల మాట లేదు. తాళం తిప్పిన చప్పుడు, ఒక్క గుక్క సెల్ఫు, ఆ వెంటనే ఇంజిన్.

"ఒక్కటే సెల్ఫు బిడ్డా" అన్నాడు కొమురయ్య. "విన్నవా? ఇగ బంద్ చెయ్యాల్నా?"

అమ్మీ వచ్చి నా పక్కన నిలబడింది. ఫోన్ ఇద్దరి మధ్యా పట్టుకున్నాను.

"బంద్ చెయ్యకు కాకా" అన్నాను. "జెర సేపు నడవనియ్యి."